సరయేవో తూటా.. పల్నాడు పుల్లరి

మొదటి ప్రపంచ యుద్ధం ఎక్కడో పుట్టి, సముద్రాలు దాటి, చివరికి మన పశువుల బీళ్ళలోకి ఎలా వచ్చిందో చెప్పే కథ

1914 సెప్టెంబరు 22, మంగళవారం. రాత్రి తొమ్మిదిన్నర కావస్తోంది. మద్రాసు రేవులో దీపస్తంభం ఎప్పటిలాగే వెలుగుతోంది. యుద్ధం మొదలై ఏడు వారాలైనా నగరంలో ఎవరికీ బెంగ లేదు. కొట్టుకుంటున్నది ఐరోపాలో కదా, ఇక్కడికెందుకొస్తుందన్న ధీమా.

ఉన్నట్టుండి సముద్రం మీద నుంచి ఓ తెల్లటి వెలుగు వచ్చి, ఒడ్డున వరసగా ఉన్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద పడింది. ఆ వెనకే ఫిరంగి మోత. పది నిమిషాల్లో నూరుకు పైగా గుళ్ళు. కిరసనాయిలు ట్యాంకులు భగ్గుమన్నాయి. రేవులో ఆగి ఉన్న ఓడకూ దెబ్బ తగిలింది. ఒక గుండు హైకోర్టు ప్రహరీని తాకింది. తీరంలోని ఫిరంగులు తేరుకుని బదులు చెప్పేసరికి ఆ జర్మన్ యుద్ధనౌక 'ఎమ్డెన్' దీపాలార్పుకుని చీకట్లో కలిసిపోయింది. మర్నాటి నుంచి రైల్వే స్టేషన్లలో ఒకటే జనం. పిల్లాజెల్లా, మూటాముల్లె పట్టుకుని వేలమంది ఊరొదిలిపోయారు.

అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో భాగం. గురజాల కేంద్రంగా ఉన్న పల్నాడు తాలూకా ఆ జిల్లాకు పడమటి కొస. కృష్ణ ఒడ్డు నుంచి నల్లమల అంచు దాకా నాపరాళ్ళ నేల, మెట్ట పైర్లు, గొడ్లూ జీవాలూ. మద్రాసులో పేలిన గుళ్ళ మోత ఇక్కడికి వినపడలేదు. కానీ ఆ రాత్రి ఆ గుళ్ళు పేల్చిన యుద్ధం ఎనిమిదేళ్ళు తిరక్కుండా పల్నాడుకు నడిచి వచ్చింది. వచ్చి, దుర్గి పక్కన ఒక రైతును కాల్చి చంపింది.

యుద్ధమంటే దూరదేశపు వార్త అనుకునే అలవాటు మనకు ఇప్పటికీ పోలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి వెళ్ళిన నెల తిరక్కముందే మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ధర ఎక్కడికి ఎక్కిందో ఇల్లాళ్ళందరికీ గుర్తే. అక్కడ వైద్యం చదువుకోడానికి వెళ్ళిన తెలుగు పిల్లలు బంకర్లలో దాక్కుని అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసిన రోజులూ గుర్తే. ఆ తర్వాత పశ్చిమాసియా రగిలింది. నరసరావుపేట ఎరువుల దుకాణం దగ్గర డీఏపీ బస్తా కోసం నిలబడ్డవాళ్ళ మధ్య, మాచర్ల బస్టాండు టీకొట్టు దగ్గర ఇప్పుడు తరచూ వినపడే ప్రశ్న ఒకటే: మూడో ప్రపంచ యుద్ధం వస్తుందంటావా?

వస్తుందో రాదో చెప్పగలవాళ్ళు లేరు. మొదటిది వచ్చినప్పుడు ఏం జరిగిందో మాత్రం పల్నాడుకు తెలుసు. తెలిసీ చెప్పుకోవడం మానేసింది.

పందెం ఒక్కటే కారణం కాదు

పల్నాడులో పుట్టినవాళ్ళకు యుద్ధాలు ఎలా మొదలవుతాయో వేరే చెప్పనక్కర్లేదు. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం జరిగిందని, ఓడినవాళ్ళు అడవులు పట్టారని, గడువు తీరాక రాజ్యం అడిగితే ఇవ్వలేదని, కారెంపూడిలో నెత్తురు పారిందని చిన్నప్పటి నుంచీ వింటాం. అయితే కోడి ఓడినందుకే యుద్ధం వచ్చిందని ఇక్కడ ఎవరూ నమ్మరు. గురజాలకూ మాచర్లకూ మధ్య దాయాదుల పోరు అంతకు ముందే ముదిరి ఉంది. పందెం ఒక సాకు.

సరయేవోలో జరిగిందీ అంతే. 1914 జూన్ 28న ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ ఆ ఊళ్ళో కారులో వెళుతున్నారు. పొద్దున ఒకసారి బాంబు వేస్తే గురి తప్పింది. దెబ్బలు తగిలినవాళ్ళను ఆసుపత్రిలో చూసి వద్దామని బయల్దేరితే డ్రైవరు పొరపాటున పక్క సందులోకి తిప్పాడు. తప్పు దారి అని చెప్పడంతో కారు ఆపాడు. ఆగిన చోటుకు నాలుగడుగుల దూరంలో గవ్రీలో ప్రిన్సిప్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు పిస్తోలుతో నిలబడి ఉన్నాడు. రెండు తూటాలు. ఇద్దరూ పోయారు.

ఆ కుర్రాడు బోస్నియా సెర్బు. కాబట్టి దీని వెనక సెర్బియా ఉందంది ఆస్ట్రియా. జులై 28న యుద్ధం ప్రకటించింది. సెర్బియాకు అండగా రష్యా, ఆస్ట్రియాకు వెన్నుదన్నుగా జర్మనీ, రష్యాతో ఒప్పందం ఉన్న ఫ్రాన్సు. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఫ్రాన్సు మీదికి పోవడానికి దగ్గరి దారని బెల్జియంలోకి జొరబడింది. బెల్జియం జోలికి ఎవరూ రారాదన్న పాత హామీని చూపించి ఆగస్టు 4న బ్రిటన్ దిగింది. వారంలో ఐరోపా అంతా అంటుకుంది.

ఇంతా చేస్తే వాళ్ళు చుట్టాలే. బ్రిటిష్ రాజు అయిదో జార్జి, జర్మన్ చక్రవర్తి విల్హెల్మ్ మేనత్త మేనమామ బిడ్డలు. జార్జి, రష్యా జారు నికొలస్ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. పొత్తులు, పౌరుషాలు, ఎవరి ఆయుధాలు ఎక్కువన్న పోటీ, ఎవరి వలసలు ఎక్కువన్న అసూయ ఏళ్ళ తరబడి పేరుకుని ఉన్నాయి. వాటికి సరయేవో సాకు దొరికింది.

బ్రిటన్ దిగిన రోజే భారతదేశమూ యుద్ధంలో ఉన్నట్టే లెక్క. ఈ దేశంలో ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

మంట పాకిన దారి

అప్పటికి సగం ప్రపంచం ఏదో ఒక ఐరోపా దేశపు జెండా కింద ఉంది. అందుకే యుద్ధం ఐరోపాతో ఆగలేదు. ఆఫ్రికాలో జర్మన్ వలసలున్న చోటల్లా పోరు మొదలైంది. చైనా తీరంలోని జర్మన్ రేవు చింగ్‌తావోను జపాను పట్టుకుంది. 1914 చివరికి తుర్కీ జర్మనీ పక్షాన చేరింది. ఆ ఒక్క నిర్ణయంతో యుద్ధం సూయజ్ కాలువకూ, ఇరాకు ఎడారికీ, మక్కా మదీనాల దాకా పాకింది. మన కథకు ముఖ్యమైన మలుపు ఇదే. ఎందుకంటే తుర్కీ సుల్తాను ఒక రాజు మాత్రమే కాదు, ముస్లింలకు ఖలీఫా కూడా.

ఫ్రాన్సులో కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్న సేనలు నాలుగేళ్ళ పాటు కొద్ది మైళ్ళ బురద కోసం లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఆ చలికి తట్టుకోలేని భారత పదాతి దళాల్ని 1915 చివర్లో ఇరాకు వైపు మళ్ళించారు. అక్కడ కూత్ అనే ఊళ్ళో బ్రిటిష్ ఇండియా సైన్యం అయిదు నెలలు ముట్టడిలో చిక్కుకుపోయింది. తిండి లేక గుర్రాలను కోసుకున్నారు. ఆ మాంసం ముట్టని భారత సిపాయిలు పస్తులతో శల్యమైపోయారు. 1916 ఏప్రిల్ 29న కూత్ లొంగిపోయింది.

మద్రాసు రాజధాని నుంచి సిపాయిలుగా వెళ్ళినవాళ్ళు పంజాబుతో పోలిస్తే తక్కువే. దక్షిణాది వాళ్ళు 'పోరాట జాతులు' కారని ఇంగ్లీషు దొరలు అంతకు ముందే తీర్మానించేసుకున్నారు. బొబ్బిలి, పల్నాడు ఉన్న గడ్డ మీద కూర్చుని ఆ మాట ఎలా అన్నారో వాళ్ళకే తెలియాలి. ఆ తీర్మానం యుద్ధం ముదిరేకొద్దీ వాళ్ళే పక్కన పెట్టాల్సి వచ్చింది. బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్ దళాల్లో తెలుగువాళ్ళు ముందు నుంచీ ఉన్నారు. వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం, తీగలు లాగడం వాళ్ళ పని. ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఈ యుద్ధానికి పదుల సంఖ్యలో, తర్వాతి ప్రపంచ యుద్ధానికి అంతకెన్నో రెట్లు బిడ్డల్ని పంపి 'మిలిటరీ మాధవరం' అయింది.

———
మనం ఇచ్చింది

● సముద్రం దాటి వెళ్ళిన భారత సైనికులు, కూలీలు 10 లక్షలకు పైమాటే. తిరిగి రానివాళ్ళు సుమారు 74 వేలు.
● గుర్రాలు, కంచరగాడిదలు, ఒంటెలు, ఎడ్లు కలిపి 1 లక్షా 70 వేలకు పైగా పశువులు ఓడలెక్కాయి.
● 1917లో భారత ప్రభుత్వం బ్రిటన్‌కు 'కానుక'గా ఒప్పుకున్న మొత్తం 10 కోట్ల పౌన్లు. ఆ మొత్తాన్ని తీర్చింది ఇక్కడి పన్నులు.
● చందాలు పోగేసి 'మద్రాస్' పేరుతో ఒక ఆసుపత్రి ఓడను నడిపింది మద్రాసు రాజధాని.
● ఇరాకులోని బస్రా స్మారకం 40 వేలకు పైగా సైనికులది. వారిలో ఎక్కువమంది భారతీయులే.
———

రూపాయి కాగితమైంది

యుద్ధం పల్లెకు తుపాకీ పట్టుకుని రాదు. సంతలోకి వస్తుంది.

ఓడలన్నీ సైన్యాన్ని మోయడానికి పోయాయి. మాంచెస్టరు బట్ట రావడం తగ్గింది, వచ్చిన ముక్క ధర రెట్టింపుకు మించింది. రంగూను నుంచి రావాల్సిన బియ్యానికి ఓడలు చాల్లేదు. దీపంలో పోసే కిరసనాయిలు ప్రియమైంది. 1916 మార్చిలో ఉప్పు మీద సుంకం మణుగుకు రూపాయి నుంచి రూపాయి పావలా చేశారు. కలవాడికి పావలా ఒక లెక్కా? కానీ ఉప్పు, జొన్న సంకటి, పచ్చిమిరపకాయతో పూట గడుపుకునే ఇంట్లో అది లెక్కే.

అన్నిటికంటే జనాన్ని బెదరగొట్టింది రూపాయి. యుద్ధ సరుకులకు డబ్బు చెల్లించడానికి ప్రభుత్వానికి వెండి రూపాయలు కుప్పలుగా కావలసి వచ్చాయి. వెండి ధర చుక్కలనంటింది. చేతికొచ్చిన వెండిని జనం దాచుకోవడం మొదలుపెట్టారు. దిక్కుతోచక 1917 నవంబరు 30న ప్రభుత్వం మొదటిసారి ఒక రూపాయి కాగితం తెచ్చింది. దాని మీద అయిదో జార్జి వెండి రూపాయి బొమ్మ అచ్చేసి, విలువను ఎనిమిది భారతీయ భాషల్లో రాశారు. మరికొన్ని వారాలకు రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. రాయి మీద వేసి మోగించి చూసి రూపాయి పుచ్చుకునే రైతు, గొడ్డును అమ్మిన చేతిలో మడతపెట్టే కాగితం పెడితే ఏమనుకుని ఉంటాడు? వాన చినుకు పడితే తడిసేదాన్ని డబ్బని ఎలా నమ్ముతాడు? చివరికి అమెరికా తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి భారతదేశానికి వెండి అమ్మవలసి వచ్చింది. 1918 ఏప్రిల్లో దానికోసం ఒక చట్టమే చేశారు.

ఆ ఏడాది వాన మొహం చాటేసింది. దేశమంతా కరువు. సెప్టెంబరులో మద్రాసు నగరంలో జనం ధాన్యం కొట్ల మీద, బట్టల దుకాణాల మీద పడ్డారు. అదే సమయానికి బొంబాయి రేవులో దిగిన సైనికుల వెంట వచ్చిన విషజ్వరం ఊళ్ళ మీద పడింది. ఈ దేశంలో ఆ ఇన్‌ఫ్లూయెంజాకు కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనాలు చెబుతాయి. యుద్ధంలో అన్ని దేశాల సైనికులూ కలిపి పోయినవారికంటే ఈ ఒక్క దేశంలో జ్వరానికి పోయినవారే ఎక్కువ. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా పదేళ్ళ కిందటి కంటే తగ్గింది. మన జనగణన చరిత్రలో అలా తగ్గడం ఆ ఒక్కసారే.

తుపాకులు ఆగిన పూట

1917లో రెండు సంగతులు యుద్ధాన్ని మలుపు తిప్పాయి. ఏప్రిల్లో అమెరికా దిగింది. నవంబరులో రష్యాలో బోల్షివిక్కులు అధికారం పట్టుకున్నారు, తర్వాతి మార్చికల్లా రష్యా యుద్ధం నుంచి తప్పుకుంది. 1918 వసంతంలో జర్మనీ ఆఖరి ప్రయత్నంగా విరుచుకుపడి, వేసవికి అలసిపోయింది. సముద్రపు దిగ్బంధంతో జర్మన్ పట్టణాల్లో తిండి లేదు. నవంబరు మొదట్లో కీల్ రేవులో నావికులు తిరగబడ్డారు. చక్రవర్తి హాలెండుకు పారిపోయాడు. నవంబరు 11 ఉదయం పదకొండు గంటలకు తుపాకులు ఆగాయి. 1919 జూన్ 28న, సరయేవో హత్యలు జరిగి సరిగ్గా అయిదేళ్ళ నాడు, వెర్సాయ్‌లో సంధి మీద సంతకాలయ్యాయి. భారతదేశం తరఫున బికనీరు మహారాజు కూడా సంతకం పెట్టారు.

పాఠ్యపుస్తకం ఇక్కడితో పేజీ తిప్పేస్తుంది. మన దగ్గర అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

యుద్ధంలో సాయపడితే స్వపరిపాలన దిశగా అడుగు పడుతుందని పెద్దలు ఆశపడ్డారు. గాంధీజీ స్వయంగా సైన్యంలో చేరమని ఊళ్ళు తిరిగారు. బదులుగా 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ జరిగింది. 1920 ఆగస్టులో సేవ్రెస్ సంధి పేరుతో తుర్కీని ముక్కలు చేశారు. ఖలీఫాకు జరిగిన అవమానం మీద ముస్లింలు, పంజాబు దారుణం మీద అందరూ రగిలిపోయిన ఆ ఘడియలోనే సహాయ నిరాకరణ పుట్టింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెసు మహాసమితి సమావేశమైంది. కోటి సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, ఇరవై లక్షల రాట్నాలు అన్న పిలుపు అక్కడే వచ్చింది. బెజవాడ నుంచి కృష్ణ వెంబడి ఎగువకు పోతే పల్నాడు.

బందెలదొడ్డి

సాగర్ కాలవలు రాక ముందు పల్నాడును ఇప్పటి మిరప చేలను బట్టి ఊహించుకోకూడదు. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో. అంతకు ముందు వాన పడితే జొన్న, సజ్జ, వరిగ. పడకపోతే గొడ్డూ గోదా. పంట పోయినా పశువు నిలబెట్టేది. పశువును నిలబెట్టేది అడవి.

ఆ అడవిని 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు చేసింది. తాతముత్తాతల నుంచి గొడ్లను తోలుకుపోయిన దారిలో సరిహద్దు రాళ్ళు పాతారు. మేపాలంటే పర్మిట్టు. తలకింత చొప్పున మేత పన్ను, అదే పుల్లరి. నాగటి దుంపకు కర్ర, ఇంటి మీదికి వాసం, పొయ్యిలోకి పుల్ల, ఆఖరికి విస్తరాకు కూడా అడిగి తెచ్చుకోవాల్సినవే. పర్మిట్టు లేని గొడ్డు రాయి దాటితే పట్టుకుపోయి బందెలదొడ్డిలో తోసేవారు. అపరాధం కడితేగానీ విడిచేవాళ్ళు కాదు. కట్టే దాకా మేతకూ నీళ్ళకూ అయ్యే ఖర్చు కూడా రైతు నెత్తినే. గడువు దాటితే వేలం.

పాడి ఆవు దొడ్డిలో ఉందంటే ఇంటి దగ్గర దూడ అరుస్తూ ఉంటుంది. పిల్లలకు పాలు లేవు. దుక్కిటెద్దు దొడ్డిలో ఉందంటే అదునుకు నాగలి కదలదు. ఆ ఆత్రాన్ని పెట్టుబడిగా చేసుకునేవాళ్ళు ఉండనే ఉన్నారు. పుల్లరి మీద మామూలు, మామూలు మీద కోడీ నెయ్యీ. ఇలాంటి ఫిర్యాదులు మితిమీరితే 1913లోనే మద్రాసు ప్రభుత్వం వేసిన అటవీ కమిటీ వాటన్నిటినీ విన్నది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. వంతెనలకూ పట్టాలకూ రేవులకూ కలప కావాలని దేశంలోని అడవుల మీద ఒత్తిడి పెరిగింది తప్ప, ఊరివాళ్ళ మేత గురించి పట్టించుకునే తీరిక పైవాళ్ళకు లేకపోయింది.

ఇదీ 1921 నాటి పల్నాడు పరిస్థితి. ధరలు మండుతున్నాయి. కరువు, జ్వరం దాటి వచ్చిన ఇళ్ళు. యుద్ధం గెలిచిన సర్కారు ఖజానా ఖాళీ. దానికి పుల్లరి కావాలి. ఇవ్వడానికి రైతు దగ్గర లేదు.

'పుల్లరి కట్టం'

బెజవాడ సమావేశం తర్వాత నెలల్లోనే పల్నాడులో 'పుల్లరి కట్టం' అన్న మాట వినపడింది. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి వైపు ఊళ్ళు పర్మిట్టు లేకుండానే గొడ్లను అడవికి తోలాయి. ఇది పైనుంచి వచ్చిన ఆదేశం కాదు. పన్ను నిరాకరణకు కాంగ్రెసు ఇంకా అనుమతి ఇవ్వనే లేదు. జనమే ముందు నడిచారు, నాయకులు వెనక వచ్చారు.

అడవి సిబ్బందిని ఊళ్ళు వెలివేశాయి. చాకలి బట్ట ముట్టడు, మంగలి గడ్డం గీయడు, కోమటి దినుసు అమ్మడు. బావి దగ్గర నీళ్ళు తోడిచ్చే మనిషి ఉండడు. చేతికి కర్ర తీసుకోకుండా ఒక ప్రభుత్వ శాఖను ఊళ్ళో బతకనీయకుండా చేశారు. ఇందులో కులాలన్నీ కలిసి నిలిచాయన్నది మరవకూడదు. చాకలి, మంగలి కాదంటే వెలి నడవదు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళ పేర్లు లేవు.

సంగతి చూసి రమ్మని గుంటూరు కాంగ్రెసు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి గార్లను పంపింది. ప్రభుత్వం ఇద్దరినీ అరెస్టు చేసింది. ఉన్నవ వారికి ఏడాది శిక్ష. గుంటూరులో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లల చదువుకు జీవితం ధారపోసిన మనిషి ఆయన. రాయవేలూరు జైలులో కూర్చుని ఆయన రాసిన నవలే 'మాలపల్లి'. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలుగు నవలల్లో తలమానికమైన ఒక పుస్తకానికీ పల్నాడు పుల్లరికీ ఇంత దగ్గరి బంధుత్వం ఉందని మన విద్యార్థుల్లో ఎంతమందికి చెబుతున్నాం?

అప్పటి గుంటూరు జిల్లా అంతా ఒక కుంపటి. చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరే ఖాళీ చేసి రామనగరం పాకల్లో కాపురం పెట్టారు. 1922 జనవరికి పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనతో శిస్తు నిరాకరణ మొదలైంది. అక్కడ భూమి శిస్తు, ఇక్కడ పుల్లరి. కలెక్టరు రూథర్‌ఫర్డ్ రెండు చోట్లా పోలీసు బలగాన్నే నమ్ముకున్నాడు.

మించాలపాడు

దుర్గి వైపు ఈ పోరుకు ముందు నిలిచినవాడు కన్నెగంటి హనుమంతు. కోలగట్ల పక్కన మించాలపాడు రైతు. పెద్ద చదువులు చదివి, సభల్లో ఉపన్యాసాలిచ్చిన నాయకుడు కాదు. ఊళ్ళో మాట చెల్లే మనిషి. పుల్లరి కట్టొద్దన్నాడు, తానూ కట్టలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఎక్కడో ఉత్తరాన చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పుపెట్టారు. ఇరవైమందికి పైగా పోలీసులు కాలిపోయారు. హింస జరిగిందని గాంధీజీ మనసు విరిగి ఉద్యమం ఆపేయాలన్నారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం అదే తీర్మానించింది. పెదనందిపాడులో శిస్తులు కట్టడం మొదలైంది.

మించాలపాడుకు పోలీసులు వచ్చింది ఆ తర్వాతే. అదే నెల చివరి వారంలో. గొడ్లను పట్టుకోబోయారు, ఊరు అడ్డం పడింది. కాల్పులు జరిగాయి. హనుమంతు, ఆయనతో పాటు మరికొందరు నేలకొరిగారు.

దేశమంతా ఉద్యమం ఆగిపోయాక, పైవాళ్ళకూ కింది ఊళ్ళకూ నడుమ ఉన్న ఆ కొద్ది రోజుల సందులో ఈ చావులు జరిగాయి. అందుకే వీటికి రావాల్సిన పేరు రాలేదని నా అభిప్రాయం. కాంగ్రెసు అప్పటికి వెనక్కి తగ్గింది కాబట్టి వీటిని పెద్దగా ఎత్తుకోలేదు. సర్కారు ఎలాగూ ఎత్తుకోదు. మిగిలింది పల్నాడు నాలుక మీది కథ. అది మాత్రం వందేళ్ళు దాటినా ఉంది. 'పల్నాటి సింహం' అని ఇప్పటికీ ఆయన్ను తలుచుకుంటారు.

రూథర్‌ఫర్డ్ ఇక్కడితో ఆగలేదు. మించాలపాడు కాల్పులు జరిగిన ఆర్నెల్లకు, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డాడు. అక్కడి గొడవకూ మూలం అడవే. పోడు కొట్టనివ్వని చట్టం, దారులు వేయించి కూలి ఎగ్గొట్టే పెత్తనం. ఆ పితూరీని అణచడానికి 1924లో ఏజెన్సీకి ప్రత్యేక కమిషనరుగా ప్రభుత్వం ఏరికోరి పంపింది ఈ గుంటూరు కలెక్టరునే. అల్లూరి పేరు దేశానికి తెలుసు. హనుమంతు పేరు జిల్లా దాటితే తెలియదు.

———
రెండోసారి

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మళ్ళీ ఎవరినీ అడక్కుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. ఈసారి మంట నేరుగా తెలుగు తీరాన్ని తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. రంగూను రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలు వేలాదిగా కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. బర్మా బియ్యం ఆగి అన్నం ప్రియమైంది. ఆ ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఊపులో, తెనాలి రైల్వే స్టేషను దగ్గర పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలొదిలారు. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టడంతో అది ముగిసింది.
———

ఎప్పుడు ముగిసింది?

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసిందని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. తుర్కీకి అది 1923 జులైలో, లొసాన్ సంధితో ముగిసింది. మరుసటి మార్చిలో ముస్తఫా కెమాల్ ఖలీఫా పదవినే రద్దు చేశాడు. ఏ పదవి కోసం ఇక్కడ హిందువులూ ముస్లింలూ ఒక జెండా కింద నడిచారో దాన్ని ఆ దేశమే తీసి అవతల పెట్టింది.

పల్నాడు కట్టిన కిస్తు 1922 ఫిబ్రవరిది. తర్వాతా పుల్లరి వసూలైంది. బందెలదొడ్లు ఉన్నాయి. అడవి చట్టం స్వతంత్రం వచ్చాక కూడా నడిచింది. ప్రపంచ యుద్ధంలో హనుమంతుది ఏ పక్షమూ కాదు. సరయేవో ఎక్కడుందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. అయినా ఆ యుద్ధం ఖర్చు రాసిన ఖాతాలో ఆయన పేరు ఉంది. ఆ మాట లేకుండా చెప్పే ప్రపంచ యుద్ధ పాఠం మన పిల్లలకు సగం పాఠమే.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మించాలపాడు కాల్పులకు నూరేళ్ళు నిండిన ఏడాది కూడా అదే. సొంత జిల్లా వచ్చాక సొంత చరిత్ర రాసుకోకపోతే ఎలా? తొమ్మిది, పది తరగతుల్లో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చిన వారం జిల్లాలోని బడులన్నిటిలో ఒక్క గంట మించాలపాడుకు ఇవ్వాలి. దుర్గి, మాచర్ల, వెల్దుర్తి ఊళ్ళలో తొంభై దాటిన పెద్దలు తమ అమ్మానాన్నల నోట విన్న పుల్లరి రోజుల కథలు చెప్పగలిగే స్థితిలో ఉండగానే కళాశాల విద్యార్థులు వెళ్ళి రికార్డు చేయాలి. హనుమంతు పక్కన నేలకొరిగినవారి పేర్లు రుజువులతో సహా పోగేసి రాతి మీద చెక్కించాలి.

పాఠకులకు ఇంకో మనవి. మీ ఇంట్లో తాతల నాటి ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి తెరిచి చూడండి. పాత పర్మిట్టు కాగితం, అపరాధం కట్టిన రసీదు, జార్జి బొమ్మ ఉన్న సైనిక పతకం ఏదైనా దొరకవచ్చు. ఆ యుద్ధపు పతకాల అంచు మీద సైనికుడి నంబరు, పేరు, దళం చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదివి రాసుకోండి. ఫొటో తీసి దగ్గరి గ్రంథాలయానికో, చరిత్ర అధ్యాపకుడికో ఇవ్వండి. పతకాన్ని మాత్రం చింతపండు పెట్టి తోమకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.